మావయ్యగారి కప్ప, అల్లుడుగారి కప్ప

మా నాన్నకూ మా ఆయనకూ గొడవంటూ వస్తే అది మర్యాదలోనే వస్తుంది. ఆయన “అల్లుడుగారూ” అంటారు, ఈయన “మావయ్యగారూ” అంటాడు. ఎంత వేడెక్కినా ఇద్దరూ “మీరు” దగ్గర్నుంచి కిందికి దిగరు. మొన్న జూలైలో ఒక శనివారం గ్యారేజీలో రెండు గంటలు వాదించుకున్నదీ ఆ మర్యాదతోనే. వాదం దేని మీదంటే, రబ్బరు కప్ప మీద.

నాన్నది కైకలూరు దగ్గర పల్లె. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కొల్లేటి అంచున గుర్రపుడెక్క మధ్య తాటిదోనె ఆపుకుని, బతికున్న కప్పను ఎరగా వేసి కొర్రమీను పట్టిన మనిషి. మా ఆయన డల్లాస్ పక్కన ప్లేనోలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. పదేళ్లుగా ఆయనకు బాస్ చేప పిచ్చి. ఈ బాస్‌కు నోరు పెద్దది, లార్జ్‌మౌత్ అని ఊరికే అనలేదు. నాచు కింద పొంచి ఉండి, పైన ఏది కదిలితే దాన్ని మింగేస్తుంది. అందుకే ఎండాకాలమంతా దీనికి కప్ప బొమ్మలు వేస్తారు.

నేను పక్కనే బట్టలు మడతపెడుతూ విన్నాను. కుండలీకరణాల్లో ఉన్నవి నా మాటలు.

మావయ్య: అల్లుడుగారూ, ఈ డబ్బాలో ఏదో కరిగి ముద్దయిపోయిందండీ. పిల్లాడు ఆడుకునే బంకమట్టా?

అల్లుడు: అయ్యో, అవి కప్పలండీ! నాలుగు కప్పలు. పక్క అరలో ప్లాస్టిక్ పురుగులు పెట్టాను, మర్చిపోయాను.

మావయ్య: పురుగులు కప్పల్ని తినేశాయా? లోకం తిరగబడింది.

అల్లుడు: ఒకరకంగా తిన్నట్టేనండీ. ఆ పురుగుల్ని మెత్తగా ఉంచడానికి ప్లాస్టిక్‌లో నూనె లాంటిది కలుపుతారు. అది ఊరి ఇంకో రకం ప్లాస్టిక్‌కి తగిలిందంటే రెండూ జిగురై అతుక్కుపోతాయి. దానికి తోడు మూడు రోజులు కారు డిక్కీలో ఉంది ఈ డబ్బా. ఈ ఎండకు డిక్కీ అంటే పొయ్యే కదా.

మావయ్య: ఒక్కోటి ఎంతేమిటి?

అల్లుడు: పది, పన్నెండు డాలర్లు.

మావయ్య: నాలుగింటికీ కలిపి నాలుగు వేల రూపాయలు! మా పంటబోదెలో వానపడ్డ రాత్రి లాంతరు పట్టుకుని వంగితే దోసెడు దొరికేవి. పైసా ఖర్చు లేదు. డిక్కీలో పెడితే కరగవు. పురుగు పక్కన పెడితే పురుగునే తింటాయి.

అల్లుడు: ఒక చేపకు ఒక కప్ప ఖర్చు కదండీ మీ పద్ధతిలో. సరిగ్గా చూసుకుంటే ఈ బొమ్మ ఒక్కటే యాభై చేపల దాకా వస్తుంది. పైగా బతికున్న ప్రాణి తొడకు ముల్లు గుచ్చి నీళ్లలో వదలడం నాకు చేతకాదు. పొలంలో పురుగును తినేది ఆ కప్పే అని తెలిసేగా, మన ప్రభుత్వం 1987లో కప్పకాళ్ల ఎగుమతి ఆపేసింది.

మావయ్య: ఎగుమతికి బస్తాల లెక్కన పట్టినవాళ్లు వేరు, వారానికి రెండు కప్పలు పట్టిన నేను వేరు. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కప్ప బాధ కప్పది. కానీ చూసుకుంటే అన్నారే, ఏమిటా చూసుకోవడం? బొమ్మకు సేవలేమిటి?

(ఇక్కడ మా ఆయన ముఖం వెలిగింది. పదేళ్లుగా నన్ను కూర్చోబెట్టి చెప్పాలని చూస్తున్న పాఠం ఇది.)

అల్లుడు: ఇటు చూడండి. ఒళ్లంతా బోలు, లోపల గాలి తప్ప ఏమీ లేదు. 1957లో ఒహాయోలో హ్యారీ ఎలర్స్ అనే ఆయన స్నాగ్ ప్రూఫ్ పేరుతో ఇలాంటి బోలు ఎరలు మొదలుపెట్టాడు. ఇప్పుడు పదుల కంపెనీలున్నాయి. ఇది స్ప్రో వాళ్ల బ్రాంజ్‌ఐ. డీన్ రోహాస్ అని పోటీల్లో పేరున్న ఆటగాడు, ఆయన దగ్గరుండి గీయించిన కప్ప. కింద తోక దగ్గర చిన్న బరువు ఉంటుంది, ఎలా విసిరినా పొట్ట కిందికే పడుతుంది. వెనక నుంచి రెండు హుక్కులు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉంటాయి. నాచు మీద లాగితే దేనికీ తగలవు. చేప కొరికినప్పుడు ఒళ్లు నలుగుతుంది, అప్పుడు హుక్కులు బయటపడతాయి.

మావయ్య: అంటే ముల్లును దాచేది గాలి.

అల్లుడు: అవునండీ. మరి ఆ గాలికి శత్రువు నీరు. హుక్కు కాడలు బయటికొచ్చే చోట సందు ఉంటుంది, అక్కణ్ణుంచి నీళ్లు దూరతాయి. పది, ఇరవై సార్లు విసిరేసరికి తోక బరువెక్కి దిగిపోతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది. అప్పుడు ఎంత లాగినా ఈదదు, తడి గుడ్డ ముద్దలా వస్తుంది. అందుకని మధ్యమధ్య చేత్తో పిండాలి. పిచికారీలా నీళ్లు బయటికొస్తాయి.

మావయ్య: ఆ సందు మూసేస్తే పోదూ?

అల్లుడు: అదే చేశానండీ! సూపర్‌గ్లూ చుక్కచుక్కగా వేసి అన్ని వైపులా మూశాను. చూడండి, ఒక్క చుక్క దూరదు.

మావయ్య: ఏదీ ఇలా ఇవ్వండి. (నొక్కారు. మళ్లీ నొక్కారు.) అల్లుడుగారూ, ఇది నలగట్లేదు.

అల్లుడు: కొత్తది కదండీ, గట్టిగా...

మావయ్య: కొత్తదని కాదు. గాలి పోయే దారి ఏదండీ? సైకిలు ట్యూబుకు వాల్వు బిగించి కూర్చుంటే అణుగుతుందా? చేప కొరికినప్పుడు ఇది నలగాలని ఇప్పుడే చెప్పారు. నలగాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. మీరు నీటికి తలుపు వేద్దామని గాలిని లోపల బంధించారు. పోయిన వారం ఎన్ని జారిపోయాయన్నారు?

అల్లుడు: ఐదు... ఆరు.

మావయ్య: ఈ కప్పతోనేనా?

అల్లుడు: ...ఈ కప్పతోనే.

(రెండు గంటల వాదనలో మా ఆయన మాట మొదటిసారి తడబడింది ఇక్కడే. నాన్న గెలిచినట్టు చూడలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి కప్పను వెలుతురుకు పట్టుకుని చూశారు.)

మావయ్య: హుక్కు కాడల పక్కన చిరిగిన చోట జిగురు ఉంచండి, మంచిదే. ఈ ముక్కు దగ్గర కన్నం మాత్రం సూదితో తెరిచేయండి. నీళ్లు కాస్త దూరితే పిండుకుందాం. చేతికి అదొక పని.

అల్లుడు: చిత్తం. ఇక కాళ్ల సంగతి. ఈ కుచ్చు కాళ్లు కంపెనీ నుంచి బారుగా వస్తాయి. బారుగా ఉంటే నీటిలో ఈడ్చుకుపోతాయి, కప్ప తిన్నగా వచ్చేస్తుంది. కత్తిరిస్తే తేలిక. ఒక కాలు ఇంకోదాని కంటే అరంగుళం పొట్టి చేస్తే, దారం వదులుగా పెట్టి చిన్నచిన్నగా గుంజినప్పుడు కుడికీ ఎడమకీ ఊగుతూ వస్తుంది. ఉన్నచోటే ఎక్కువసేపు తిప్పొచ్చు.

మావయ్య: కుంటి కప్ప అన్నమాట.

అల్లుడు: నవ్వకండి, అందరూ చేస్తారు.

మావయ్య: నవ్వట్లేదండీ. కుంటిదాన్నే ముందు తింటుంది ఏ చేపైనా. నవ్వొచ్చింది ఇదిగో, వీటికి! అసలు కాళ్లే లేవు.

అల్లుడు: అవి... కొంచెం ఎక్కువ కత్తిరించాను. రెండు వైపులా సమం చేద్దామని ఇటు కొంచెం, అటు కొంచెం...

మావయ్య: మీ అత్తయ్యగారు ఇంట్లో నాకు క్షవరం చేసినట్టు.

అల్లుడు: తెగింది మళ్లీ అతకదు కదండీ. ఇప్పుడు పావంగుళం చొప్పున తీసి, తొట్టిలో ఈదించి చూసి, అప్పుడే మళ్లీ కత్తెర పడతాను.

(తొట్టి అంటే మా పిల్లాడి స్నానాల తొట్టి. ఇది ఇక్కడ నమోదు కావాలి.)

మావయ్య: అసలు నా అభ్యంతరం కత్తెర మీద కాదండీ. మీరు కదిలించడం మీద. పోయిన వారం మీ వీడియో చూశాను. కప్పను ఆపకుండా ఉరికిస్తున్నారు. కప్ప అలా ఈదుతుందా? రెండు తన్నులు తన్నుతుంది, కాళ్లు చాచి తేలుతుంది. ఊరుకుంటుంది. గాలికి కొట్టుకుపోతుంది. మళ్లీ ఒక తన్ను. కొర్రమీను పట్టేది ఆ ఊరుకున్నప్పుడే. కింద నుంచి నీడ చూస్తుంది, పైన చలనం ఆగగానే లేస్తుంది.

అల్లుడు: బాస్ వేరండీ. తెరిపి నీళ్లలో ఊగుతూ వస్తేనే వెంటపడుతుంది.

మావయ్య: తెరిపిలో అయితే సరే. మీరు చూపించింది నాచు మీద. నాచు మీద దానికి మీ కప్ప ఎక్కడ కనపడుతుంది? ఆకు కదలిక కనపడుతుంది, అంతే. అది ఎక్కడుందో తేల్చుకోవడానికి దానికి టైము ఇవ్వాలి.

అల్లుడు: నాచు మీద ఆపాలి, ఒప్పుకున్నాను. ఆ నాచు మీకు బాగా తెలిసిందేనండీ. హైడ్రిల్లా. మన దేశం చెరువుల్లో ఉండేదే. అక్వేరియం వ్యాపారం పుణ్యమా అని 1950లలో ఫ్లోరిడా చేరింది. అక్కడి నుంచి ఇక్కడి దాకా పాకింది.

మావయ్య: మన నాచు మీకు ముందే వచ్చేసిందన్నమాట. కొర్రమీను కూడా వచ్చేస్తే ఈ బొమ్మకు సరిపోయేది.

అల్లుడు: రానివ్వరు. అమెరికా ప్రభుత్వం 2002లో ఆ జాతి మొత్తాన్నీ హానికర జంతువుల జాబితాలో పెట్టింది. బతికున్నది తెస్తే నేరం.

మావయ్య: అటు తెలంగాణవాళ్లు రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు, ఇటు వీళ్లు నేరస్థుణ్ణి చేశారు. ఎక్కడి చేప అక్కడే పెద్దమనిషి. సరే, కొరికాక ఏం చేస్తారు?

అల్లుడు: గట్టిగా గుంజుతాను. అందుకే దారం అరవై అయిదు పౌండ్ల బ్రెయిడు, సాగదు. రాడ్డు ఏడడుగులు దాటిన హెవీ. నాచులోంచి చేపను పైకెత్తాలంటే ఆ మాత్రం ఉండాలి.

మావయ్య: ఎప్పుడు గుంజుతారు?

అల్లుడు: నీళ్లు పేలగానే.

మావయ్య: అదీ! అక్కడే పోతున్నాయి మీకు చేపలు. కాళ్లు పొట్టివైనా బారైనా ఒకటే. నీళ్లు పేలినప్పుడు కప్ప చేప నోట్లో ఉందని మీకెవరు చెప్పారు? సగం సార్లు నాచును మింగి ఉంటుంది, కప్ప పక్కకు ఎగిరి ఉంటుంది. మా తంగూసు చేతి వేలికి చుట్టుకుని ఉండేది. చప్పుడు వినగానే మా నాన్న “ఊఁ” అనేవాడు. అంటే ఊపిరి పట్టమని. దారం వేలిని కోసుకుంటూ పక్కకు జరిగిందా, అప్పుడు లాగు. చప్పుడు చెవికి. బరువు చేతికి. చేతి మాట వినాలండీ.

అల్లుడు: ఇక్కడివాళ్లూ అదే చెప్తారు. ఒకటి, రెండు లెక్కపెట్టి, దారం బిగించి, బరువు తగిలాక గుంజమని. తెలుసు. చెయ్యి ఆగదు.

మావయ్య: మరి చెయ్యి ఆగకపోతే కత్తెరా జిగురూ ఏం చేస్తాయి?

(ఇక్కడ నేనైతే ఆపేసేదాన్ని. మా ఆయన ఆపలేదు. చిన్నబుచ్చుకున్నాడేమో, రెండో పెట్టె తెరిచాడు.)

అల్లుడు: సరే, చెయ్యి నా తప్పు. కానీ సామాను తప్పుంటే చెయ్యి ఎంత ఆగినా లాభం లేదండీ. ఇవి చూడండి, బోలు లేని కప్పలు. ముద్ద ప్లాస్టిక్. స్టాన్లీ రిబ్బిట్, జూమ్ హార్నీ టోడ్. వీటికి హుక్కు రాదు, మనమే గుచ్చాలి. 4/0, 5/0 సైజు వంపు హుక్కు. ముక్కులోంచి గుచ్చి, పావంగుళంలో గడ్డం కింద బయటికి తీసి, హుక్కును తిప్పి, కొసను పొట్టలోంచి వీపు మీదికి పొడిచి, అక్కడ చర్మం కింద కొంచెం దాచాలి. కొస ఎక్కడ పైకి రావాలో ముందే హుక్కును పక్కన ఆనించి కొలుచుకోవాలి. ఒక్క నూలు పక్కకు పోయినా ఒళ్లు వంకర తిరుగుతుంది. నీళ్లలో గిరగిరా తిరిగి దారాన్ని పురి పెట్టేస్తుంది. ఇది ఆగితే మునిగిపోతుంది, కాబట్టి ఆపకుండా లాగాల్సిందే. పాదాలు గరగరమని నీళ్లు కొట్టుకుంటూ వస్తాయి.

మావయ్య: అంటే ఇది పరుగెత్తే కప్ప, అది కూర్చునే కప్ప. ఇప్పటిదాకా మీరు కూర్చునేదాన్ని పరుగెత్తించారు.

అల్లుడు: ...అలాగే అనుకోండి.

మావయ్య: మీ కొలత బాగుంది. మేం కప్పకు గుచ్చేటప్పుడు కొలిచేవాళ్లం కాదు, అది కొలవనిచ్చేదీ కాదు. కాకపోతే ముల్లు పదును గోటి మీద చూసేవాళ్లం. గోటి మీద జారితే రాయి మీద నూరాలి. మీవి చూడనా? ఇది జారింది. ఇదీ జారింది. తుప్పు కూడా.

అల్లుడు: తడిగా డబ్బాలో పెట్టేశాను.

మావయ్య: పన్నెండు డాలర్లు పోసి కొన్నది తడిగా పెట్టి మూసేస్తారా! మా గాలాలు ఇంట్లో చూరుకు గుచ్చి ఉండేవి. గాలి తగిలేది, పొగ తగిలేది, తుప్పు ఎరగవు.

అల్లుడు: ఇక్కడ చూరు లేదు కదండీ. ఇంటికి రాగానే పిండి, గుడ్డతో ఒత్తి, ముక్కు పైకి ఉండేట్టు వేలాడదీయాలి. తోక సందులోంచి మిగిలిన నీళ్లు కారిపోతాయి. కాళ్ల కుచ్చు విడదీసి ఆరబెట్టాలి, తడిగా అతుక్కుంటే విడిపోవు. కుచ్చు రబ్బరుదైతే కాస్త పౌడరు చల్లాలి. వేరే బరువు కింద పడి చప్పిడైపోయిన కప్పను వేడినీళ్లలో ముంచితే మళ్లీ ఉబ్బుతుంది. చన్నీళ్లలో పెడితే ఆ ఆకారం నిలుస్తుంది. అందుకే కొందరు కొన్నప్పటి అట్టపెట్టె పారేయరు, అందులోనే దాస్తారు.

మావయ్య: ఇదంతా మీకు తెలుసు.

అల్లుడు: తెలుసు.

మావయ్య: చేసేది మాత్రం డిక్కీలో పడేయడం.

(ఒక్క సవరణ. వేలాడదీయడం చేస్తాడు, కాకపోతే నా లాండ్రీ గదిలో, బట్టల క్లిప్పులకు. ఒకసారి మా అత్తగారు చీకట్లో స్విచ్చి కోసం తడిమితే చేతికి కప్ప తగిలి ఇల్లంతా లేచింది.)

అల్లుడు: మావయ్యగారూ, అన్నీ నేనే ఒప్పుకుంటున్నాను. మీరొక్కటి ఒప్పుకోండి. బతికున్న కప్ప కంటే ఇదే మెరుగు కాదా?

మావయ్య: చేపను అడగండి. ఈ టెక్సస్‌లో అన్నింటికంటే పెద్ద బాస్ ఎంత?

అల్లుడు: 18.18 పౌండ్లు. ఎనిమిది కిలోల పైనే. లేక్ ఫోర్క్‌లో, 1992 జనవరిలో. మనం రేపు వెళ్లే చెరువే.

మావయ్య: ఏ కప్పతో పట్టారు?

అల్లుడు: ...కప్పతో కాదండీ. క్రాపీ అని వేరే చిన్న చేప కోసం వేసిన ఎర. బతికున్న చిన్న చేప.

మావయ్య: (చాలాసేపు నవ్వారు.) ముప్పై ఏళ్లు దాటినా మీ బొమ్మలన్నీ కలిసి దాన్ని కొట్టలేకపోయాయి.

అల్లుడు: అది జనవరి చలి, లోతు నీళ్లు, ఒక్క చేప. నేను అడిగేది జూలై, నాచు, రేపు పొద్దున.

మావయ్య: రేపు పొద్దున ఈ బొమ్మతోనే వస్తాను. కానీ నేను ఎంచుకున్న కప్ప.

ఆయన ఎంచుకున్నది డబ్బాలో అడుగున ఉన్న నల్ల కప్ప. జిగురు పెట్టనిది, కాళ్లు కత్తిరించనిది, ఎండకు రంగు వెలిసింది. తెల్లారేముందు మసక వెలుతురులో కింద నుంచి చూస్తే నలుపే తేటగా ఆనుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. నాన్న ఆ రాత్రి దాని రెండు ముళ్లనూ రాయి మీద నూరారు. మా ఆయన దాన్ని టేబుల్ మీద టర్కీ తువ్వాలు మీదుగా లాగి, ముల్లు పోగుకు తగలకుండా పట్టకారుతో ఒక వెంట్రుకవాసి వంచాడు. ఆ పని మీద మాటా మంతీ లేకుండా గంట కూర్చున్నారు.

లైసెన్సు దగ్గర మాత్రం నాన్న కొంచెం నొచ్చుకున్నారు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి చెరువులో గాలం వేయడానికి సర్కారు కాగితం ఏమిటని. ఒక రోజుది తీసుకున్నాం.

తీర్పు అడిగితే నేను చెప్పేది ఇంతే: కప్ప లోపల గాలి ఉండాలి, ఆ గాలికి పోయే దారీ ఉండాలి, ముల్లు పదునుగా పొడిగా ఉండాలి. ఈ మూడూ సేవలు కావు, అవసరాలు. కాళ్లు కత్తిరించడం, రంగులు పూయడం, లోపల గుళ్లు వేసి గలగలలాడించడం మగవాళ్ల ముచ్చట. ముచ్చట తప్పని నేననను. దానికి పిల్లాడి తొట్టి వాడకపోతే చాలు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి నల్ల కప్ప నాచు అంచున ఆగి ఉండగా నీళ్లు పేలాయి. నాన్న “ఊఁ” అన్నారు. మా ఆయనక్కాదు, తనకే. రెండు క్షణాల తర్వాత రాడ్డు వంగింది. కొలిస్తే ఇరవై అంగుళాలు. లేక్ ఫోర్క్‌లో పదహారుకూ ఇరవై నాలుగుకూ మధ్య ఉన్న బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు, వదిలేయాలి. ఆ నియమం మా ఆయన ముందురోజు చెప్పలేదు. నాన్న చేపను రెండు చేతుల్లో పట్టుకుని నీళ్లలో ఉంచి, కాసేపు ఆలోచించి, వదిలారు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మధ్యాహ్నం కోడి పులుసుతో అన్నం తిన్నారు.

మీ ఇంట్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లెవరైనా ఉంటే, పురుగుల డబ్బా, కప్పల డబ్బా ఈ రోజే వేరు చేయించండి. రెండింటినీ డిక్కీలోంచి తీయించండి.